చంద్రగిరి మిద్దెగది

నగరిలో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా అడిగే మాట ఒకటే. "ఇంత రొదలో ఎట్లా బతుకుతారమ్మా?" మేము బతుకుతూనే ఉండేవాళ్ళం. ఇంటి ముందు సగం మరమగ్గాలది, వెనక సగం మనుషులది. పొద్దున మగ్గాలు మొదలయ్యాయంటే పిలుపులు, తిట్లు, ఎగతాళి అన్నీ చేతి సైగలతోనే. ఉప్పు కావాలంటే రెండు వేళ్ళు రుద్ది చూపించాలి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మా ఆయన మామూలు గొంతు ఎట్లా ఉంటుందో తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ఆ ఇంట్లో మాకు గది లేదు. ఉన్న ఒక్క గదీ నూలు మూటలకు, నేసిన చీరలకు. వాటికి తేమ తగలకూడదు కదా, అందుకని వాటికి గది, మనుషులకు వసారా. వసారాలో ఒక పక్క మామ, బావగారు, మా ఆయన పడుకునేవాళ్ళు. ఇంకో పక్క అత్త, తోడికోడలు, ఆమె పిల్లలు, నేను. పెళ్ళయి మూడేళ్ళు దాటింది. తలంటుకున్న ప్రతి శుక్రవారం అత్త నన్ను కింది నుంచి పైకి చూసి, "ఇంకా ఏమీ లేదా?" అనేది. ఎట్లా ఉంటుంది అత్తా అని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి జడ వేసుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. వీధంతా ఒక్కసారిగా మూగబోయింది. మా ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అన్నం తింటూ వాళ్ళమ్మతో అన్నాడు.

"అమ్మా, పిల్లల కోసరం స్వామికి మొక్కుకుంటాము. చంద్రగిరిలో ఒక గది బాడుగకు దొరుకుతాదంట. పది దినాలు ఆడ ఉండి, చుట్టుపక్కల గుళ్ళన్నీ చూసుకొని, ఆఖర్న కొండకు పోయి వస్తాము."

మేమిద్దరం నాలుగు రోజులు విడిగా ఉండి వస్తామని మా ఇంట్లో నోరు విడిచి అడగడం కుదిరే పని కాదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవాల్సిందే. అత్తకు మొక్కు మాట బాగానే తలకెక్కింది. బయల్దేరేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పింది. "కొండ దిగినాక నేరుగా ఇంటికే రావాల. యాడా కాలు పెట్టొద్దండి." మా వైపు అందరికీ ఉన్న నమ్మకమే అది. స్వామిని చూసినవాళ్ళు తిరిగొచ్చే దారిలో ఇంకొకరి గడప తొక్కకూడదు. తొక్కితే తెచ్చుకున్న పుణ్యం ఆ ఇంట్లో ఉండిపోతుంది, మనం ఉత్త చేతులతో ఇల్లు చేరతాం.

చంద్రగిరిలో ఆ ఇల్లు కోట గోడకు దగ్గర్లోనే ఉండేది. రాజుల కాలంలో ఎవరో దండనాయకుడు కట్టించాడని ఇంటామె చెప్పేది. నిజమో కాదో గానీ గోడలు మాత్రం ఆ మాటకు తగ్గట్టే ఉండేవి. కిటికీ గూట్లో నేను కాళ్ళు ముడుచుకొని హాయిగా కూర్చోగలిగేదాన్ని. సున్నపు పూత అరిగి అరిగి నునుపుదేలి, చెంప ఆనిస్తే చల్లగా ఉండేది. ఇంటామె ముసలావిడ. కింద ఒక్కతే ఉండేది. కొండకో కోటకో వచ్చినవాళ్ళకు పై గది కొన్ని రోజులకని బాడుగకు ఇచ్చేది. బావి నుంచి నీళ్ళు మనమే పైకి మోసుకోవాలి. చెక్క మెట్లలో ఒకటి ఊగేది, ఇంకొకటి లేనే లేదు. కప్పు నుంచి గచ్చు పొడి రాలి అన్నంలో పడేది. మా తోడికోడలు చూసి ఉంటే ఈ పాడుకొంపకు బాడుగ ఒకటా అని ముక్కు విరిచేది. నేను అవేవీ చూడలేదు. ఆ గదికి తలుపుంది, తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. పోయిన వెంటనే నేను చేసిన పని ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేయడం.

"ఏమే, దాన్ని విరగ్గొడతావా?" అని ఆయన నవ్వాడు.

ఆ సాయంత్రం కింద నుంచి ముసలావిడ గాబరాగా కేకేసింది. "అమ్మణ్ణీ, ఏమైంది? వచ్చిన దినమే కొట్లాటా?" కొట్లాట కాదు. చారులో ఇంకొంచెం పులుపు పడాలని ఆయన, చాలని నేను, మగ్గాల మధ్య మాట్లాడుకున్నట్టు గొంతు చించుకుంటున్నాం. అంత నిశ్శబ్దంలో ఎంత మెల్లగా మాట్లాడాలో మా ఇద్దరికీ తెలియదు. అప్పటి నుంచి గొంతు తగ్గించడం నేర్చుకున్నాం. ఆయన మెల్లగా మాట్లాడితే గొంతులో చిన్న జీర ఉంటుంది. అది నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మరుసటి రోజు మంగాపురం గుడికి పోయాం. పెళ్ళయ్యాక స్వామీ అమ్మవారూ వెంటనే కొండెక్కకుండా ఆరు నెలలు అక్కడే ఒక ముని ఆశ్రమంలో ఉన్నారని పూజారి చెప్పాడు. బయటికొచ్చాక మా ఆయన నా చెవిలో, "సూడు, దేవుడికి కూడా ఇంట్లో గది దొరికినట్టు లేదు" అన్నాడు. గుడి ముందు నిలబడి అట్లా నవ్వకూడదు, కానీ నవ్వు ఆగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఒక కథ మొదలుపెట్టాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన కొట్టాడని అలిగి, మా ఊరి పక్క ఏకాంబరకుప్పంలో రైలెక్కి మద్రాసుకు పారిపోయాడట. వారం పైన కనిపించలేదని, తర్వాత తనంతట తనే తిరిగొచ్చాడని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆ రోజులన్నీ ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పడం మొదలుపెట్టాడు. టిక్కెట్టు లేకుండా బల్ల కింద దాక్కున్నది చెప్పాడు. పక్కన కూర్చున్న తమిళామె మురుక్కు పెట్టింది చెప్పాడు. "సెంట్రల్‌లో దిగినాను. దిగినాక ఏమైందంటే..." అంటుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. నేను పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన కిటికీ గూట్లో కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"రేపు తెల్లారే పాత మెట్ల దారిన కొండకు పోయొద్దామా? ఇంత దగ్గర ఉండి సూడకుండా కూర్చుంటే తప్పు మాదిరి ఉండాది. మిగతాది వచ్చినాక చెప్తా. ఇంకా వారం దినాలు ఉండాయి కదా."

సరేనన్నాను. ఆఖరి రోజు పోవాలనుకున్నది ముందుకు జరుగుతోందన్న ఆలోచనే మా ఇద్దరికీ రాలేదు. తెల్లవారకముందే ముసలావిడను లేపడం ఎందుకని చెప్పకుండా బయల్దేరాం. మెట్లెక్కుతూ ఆగినచోటల్లా మాట్లాడుకున్నాం. పైన ఆయన గుండు చేయించుకున్నాడు. ఆ కాలంలో జనం ఇప్పటంత లేరు, దర్శనం తొందరగానే అయింది. పిల్లలు కావాలని మొక్కుకోవాల్సిన దాన్ని, స్వామి ముందు నిలబడి ఆ గది ఇంకొన్నాళ్ళు ఉండనీ అని మొక్కుకున్నాను. లడ్లు తీసుకొని బస్సులో కొండ దిగి, తిరుపతిలో బస్సు మారి, పొద్దు వాలకముందే చంద్రగిరిలో దిగాం. పొద్దున నానబోసిన పెసలతో పెసరట్లు పోయాలని లెక్కలు వేసుకుంటూ నడుస్తున్నాను.

ముసలావిడ అరుగు మీద కూర్చొని వత్తులు చేస్తోంది. ఆయన గుండు చూసింది, చందనం చూసింది. వత్తులు కింద పెట్టి, లేచి గడపకు అడ్డంగా నిలబడింది.

"కొండకు పోయొచ్చినారా?"

"అవునమ్మా."

"అయ్యో నాయనా, ఈడికెందుకు వచ్చినారు? నేరుగా ఇంటికి పోవాల కదా!"

మా ఆయన ముఖం నేనింకా మర్చిపోలేదు. ఏమీ తోచనట్టు నిలబడి, "ఇంటికే వచ్చినాము కదమ్మా" అన్నాడు.

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. రెండు రోజుల్లోనే ఆ గది మాకు ఇల్లయిపోయింది. ఇల్లు అన్న మాటకు నగరి గుర్తుకే రాలేదు.

నేను బతిమాలాను. బాడుగ ఇచ్చి ఉంటున్నాం కాబట్టి మా ఇల్లే కదా అని వాదించాను. ఆవిడ కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే ఎదురు చెప్పి ఉండేదాన్నేమో. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకొని నా గడ్డం పట్టుకుంది. "అమ్మణ్ణీ, పిల్లల కోసరం మొక్కుకొని వచ్చినారు. ఆ పుణ్యం నా గడపలో వదిలి పోతే రేపు నీ కడుపు పండకపోతే ఆ పాపం ఎవరిదమ్మా? నేను ఒంటిదాన్ని, ఆ పుణ్యం నేనేం చేసుకునేది? వద్దు తల్లీ, నామీదికి ఆ పాపం రానీయొద్దు." ఆవిడ మా మంచికే మమ్మల్ని బయట నిలబెట్టింది. నాకూ ఆ నమ్మకమే ఉంది, అదే నా ఖర్మ. కాలెత్తి గడప దాటాలంటే దాటేదాన్నే. కాలు రాలేదు.

ఆ ఊగే మెట్లు ఎక్కి ఆవిడే మా సామాను కిందికి తెచ్చింది. గిన్నెలు, చాప, ఆరీ ఆరని నా చీర, ఆఖరికి నానిన పెసలు కూడా నీళ్ళు వంచి గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. ఒక్కొక్కటి గడప ఇవతలికి పెడుతుంటే మేము వీధిలో నిలబడి అందుకున్నాం. నేను పైకి చూశాను. కిటికీ తెరిచే ఉంది.

నగరి చేరేసరికి అన్నాలవేళ అయింది. వీధి మలుపులోనే మగ్గాల చప్పుడు వినబడింది. నూలు వచ్చేసింది. అత్త గుండు చూసి, ఇంత తొందరగా ఎందుకొచ్చారని కూడా అడక్కుండా మురిసిపోయింది.

"నేరుగా ఇంటికే వచ్చినారు కదా? యాడా కాలు పెట్టలేదు కదా?"

"లేదత్తా, యాడా పెట్టలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు. భక్తితో ఏడుస్తున్నాననుకొని ఆవిడ కళ్ళకద్దుకొని లడ్డూ తీసుకుంది.

ఆ మరుసటేడు మా అబ్బాయి పుట్టాడు. ఆ వసారాలో ఎట్లా పుట్టాడని నన్నడగొద్దు. కొండ దిగి నేరుగా ఇంటికి వచ్చినందుకే అని అత్త ఊరంతా చెప్పుకుంది. మద్రాసు కథ మాత్రం అక్కడే ఆగిపోయింది. రెండు మూడుసార్లు మగ్గం పక్కన నిలబడి సైగతో అడిగాను. రైలును చేతులతో ఎట్లా చూపించాలో అట్లా చూపించాను. ఆయన నవ్వి చుట్టూ మనుషులను చూపించి చెయ్యి ఊపేవాడు. తర్వాత అడగడమూ మానేశాను.

మగ్గాలు అమ్మేసి చాలా కాలమైంది. పెద్దవాళ్ళు పోయారు, బావగారు వేరుపడ్డారు, అబ్బాయి ఉద్యోగం చేసే ఊళ్ళో ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. అన్ని గదులూ మావే, అన్ని తలుపులకూ గడియలున్నాయి, చప్పుడు చేసేవాళ్ళు లేరు. మొన్న మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చొని, చంద్రగిరిలో నేర్చుకున్నంత మెల్లగా అడిగాను.

"మద్రాసులో దిగినాక ఏమైంది?"

ఆయన కదల్లేదు. అన్నేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డాడు కదా, రెండు చెవులూ పోయాయి. గట్టిగా అడిగాను. ఇంకా గట్టిగా అరిచాను. ఎదురింటామె ఏమైందోనని గడప దాకా వచ్చింది. ఆయన నా పెదాల వైపు చూశాడు. రెండు వేళ్ళు రుద్ది, ఉప్పా అన్నట్టు కనుబొమలెత్తాడు.

అవునన్నట్టు తలూపాను.