తెర కొస

ఈమధ్య సాయంత్రమైతే చాలు, ఫోన్ మోగుతుందేమోనని నాకు భయం. మా అమ్మాయి ఈ ఏడే కాలేజీలో చేరింది. దూరపు ఊరు, హాస్టలు. ఫోన్ చేసి "అమ్మా" అంటుంది, ఆ తర్వాత ముక్కు ఎగబీల్చుకోవడం మాత్రం వినిపిస్తుంది. "అన్నం తిన్నావా?" అంటాను. తల్లులకి ఫోన్లో చేతనైన ప్రశ్న అదొక్కటే కదా! నిన్న మాత్రం నోరు విప్పింది. "ఇక్కడ నాకెవరూ లేరమ్మా. వచ్చేస్తాను," అంది. వచ్చెయ్ అనలేను, ఉండమనీ అనలేను. గుడివాడలో మా వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారుతుంటే, ఫోన్ పట్టుకుని వాటిని చూస్తూ నిలబడ్డాను.

బందరులో డిగ్రీలో చేరినప్పుడు నా సంగతీ అదే. మాది దివిసీమ, అవనిగడ్డ దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. హాస్టల్లో నా గదిలో పిల్లలు మంచివాళ్ళే గానీ, వాళ్ళు నవ్వుకునే విషయాలేవీ నాకు అర్థమయ్యేవి కావు. రోజూ సాయంత్రం బస్టాండుకి వెళ్ళేదాన్ని. ఎక్కడానికి కాదు, అవనిగడ్డ బస్సుని చూడటానికి! దిగేవాళ్ళలో మా వైపు మొహం ఒక్కటి కనపడితే ప్రాణం లేచొచ్చేది. ఒకసారి ఎవరో పెద్దాయన తవుడు బస్తాతో దిగాడు. ఆయనెవరో నాకు తెలియదు, ఆ తవుడు వాసనకే ఏడుపొచ్చేసింది. ఆయన కంగారుపడి, "ఏమ్మా, పర్సు గానీ కొట్టేశారా?" అన్నాడు. పాపం, ఏమని చెప్పను?

మొదటి సంవత్సరం పిల్లలందరూ ఆటలో, సేవో, కళలో ఏదో ఒకటి తీసుకోవాలని కాలేజీలో నియమం. పేర్లిచ్చే వరసల్లో పొట్టిదేదో చూసి నిలబడ్డాను, అది కళలది. నాకా, పాట రాదు, ఆట రాదు. చిలకని గీస్తే ముక్కు దగ్గర ఆగి జనం ఆలోచించాలి. వాళ్ళది వరండా చివర గది, లోపలంతా గుడ్డలకి పట్టించే కరక్కాయ వాసన. ఆ ఏడు వార్షికోత్సవానికి స్టేజీ తెరని మేమే కలంకారీ అచ్చులతో అద్దాలని కళల మాస్టారి పట్టుదల. ఆయన కింద ఆ పనంతా నడిపేది ఫైనలియర్ అక్క ఒకామె. బందరు ముస్లిముల అమ్మాయి, వాళ్ళ తాతగారు కలంకారీ అచ్చులు అద్దేవారట. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "నీకేం వచ్చే?" అంది. ఏమీ రాదన్నాను. "పోన్లే, చేతులున్నాయిగా. ఈ కొస పట్టుకో," అంది. ఇక ఆ ఏడంతా నేను నేర్చిన కళ అదే. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో ముంచినా, ఎండబెట్టినా, అచ్చు కింద సర్దినా ఒక కొస నాది.

ఆ గదిలో మిగతా పిల్లలు క్యారేజీల్లోంచి కూరలు పెట్టేవారు, తినేదాన్ని. మాట్లాడేదాన్ని మాత్రం కాదు. కొస పట్టుకునే మనిషి ఎవరైతేనేం, నేను పోతే ఆ కొసకో మేకు కొట్టుకుంటారు అనుకునేదాన్ని. లోపల ఒకటి నిశ్చయించేసుకున్నాను. శనివారం తెర ఉతుకుతారు. ఆ పని కాగానే సాయంత్రం బస్సెక్కి ఇంటికెళ్ళిపోతాను, మళ్ళీ రాను. ఎవరికీ చెప్పలేదు. శనివారం బ్యాగు సర్దుకునే వెళ్ళాను.

అద్దిన గుడ్డని రంగులో ఉడికించే ముందు పారే నీళ్ళలో జాడించాలి. రంగు పట్టడానికి అద్దిన మందులో అదనంగా ఉన్నది వదిలి నీళ్ళతోపాటు పోవాలి, నీళ్ళు నిలబడితే అదే మళ్ళీ గుడ్డకి పట్టేస్తుంది. తీరా చూస్తే ఆ ఏడు కాలవ ముందే కట్టేశారు, చుక్క లేదు. అక్క ఎక్కడెక్కడో అడిగి, అవనిగడ్డ రోడ్డులో వంతెన కిందున్న మురుగు డ్రెయిను ఖాయం చేసింది. అది సముద్రంలోకి పోతుంది, పోటు లేనప్పుడు నీళ్ళు జోరుగా లాగుతాయి, పోటొస్తే వెనక్కి తిరుగుతాయి. "పొద్దున్నే దిగిపోవాలి మాస్టారూ, సాయంత్రానికి పోటొస్తుందట," అని మరీ మరీ చెప్పింది. మాస్టారు వచ్చారు, గుడ్డ వచ్చింది, కొబ్బరికాయ కొట్టాం. "ముందు గ్రూప్ ఫోటో, మేగజైన్‌కి," అన్నారాయన. ఫోటోగ్రాఫరు ఏదో పెళ్ళిలో ఉన్నాడు, వస్తున్నా వస్తున్నా అంటాడు. మనవాళ్ళకి ఫోటో లేకుండా పని మొదలవుతుందా! గట్టు మీద తలలు దువ్వుకుంటూ కూర్చున్నాం.

చివరికి అతను రానే లేదు, మేం నీళ్ళలోకి దిగేసరికి ఎండ వాలింది. నడుం లోతు నీళ్ళలో తెర పరిచి తలో పక్క పట్టుకున్నాం. కాసేపు బాగానే సాగింది, పసుపు నీళ్ళు సముద్రం వైపు వెళ్ళిపోతున్నాయి. ఇంతలో నా కాళ్ళ దగ్గర నీళ్ళ లాగుడు ఆగింది. మా ఊరి డ్రెయిన్లో చిన్నప్పట్నుంచీ ఎరిగిన సంగతే. "పోటొచ్చేసింది! తీసెయ్యండి!" అని అరిచాను. చేలో పశువుని అదిలించే గొంతు అది. అందరూ గుడ్డ సంగతి మర్చిపోయి నా మొహమే చూశారు, ఈ పిల్లకి నోరుందా అన్నట్టు. అంతలోనే వదిలిన మందంతా తిరిగొచ్చి తెర నిండా కమ్ముకుంది. ఎత్తుదామంటే తడిసిన గుడ్డ లేవదు. "వదలకండి, బురదలోకి పోతుంది!" అంది అక్క. గట్టు మీద మాస్టారు "అయ్యో, అయ్యో" తప్ప ఇంకో మాట లేదు. అందరం ఊరికే పట్టుకుని నిలబడ్డాం. అప్పుడే వంతెన మీంచి నా బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. చూశాను. నా చేతిలో కొస ఉంది.

పక్కనున్న అక్క వెక్కి వెక్కి ఏడుస్తోంది. సొంత ఊరు, సొంత ఇల్లు ఉన్న మనిషి, ముక్కు కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నా భుజంతో ఆమె చెంప తుడిచాను. ఆమె ఏడుస్తూనే, "ఏం గొంతే నీది! పొద్దున్నే అరిచుంటే ఆ ఫోటోగ్రాఫరన్నా వచ్చేవాడు కదే," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక అందరం పడీ పడీ నవ్వాం, అంత నష్టంలో.

అక్క నన్ను తడిబట్టలతోనే వాళ్ళింటికి లాక్కెళ్ళింది. వాళ్ళమ్మ తన సల్వారు ఇచ్చింది, అందులో నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. టీ, రస్కులు పెట్టి, "ఎవరే ఈ పిల్ల?" అంది. "మా పిల్లే," అంది అక్క. ఆ మాటకి నా చేతిలో రస్కు టీలోకి జారిపోయింది. తర్వాత అక్క నా బ్యాగు వైపు చూసింది. దాని బరువు చేత్తో చూసింది. ఏమీ అడగకుండా బీరువా మీదికెక్కించి, "సోమవారం ఇస్తాలే," అంది.

ఆ తెరనే రంగులో ఉడికించి వార్షికోత్సవానికి కట్టాం. మరకల్ని చూసి ముఖ్య అతిథి సాయంకాలపు ఆకాశం అద్భుతంగా వచ్చిందని మెచ్చుకున్నారు. మాస్టారు వినయంగా నమస్కారం పెట్టారు. నేను మూడేళ్ళూ బందరులోనే ఉన్నాను.

ఇవాళ ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా. హమ్మయ్య అనుకునేలోగా, "మరి నా బస్సెవరు తప్పిస్తారమ్మా?" అంది. ఆ ఊళ్ళో నాకు తెలిసిన డ్రెయినూ లేదు, అక్కా లేదు. "అన్నం తిన్నావా?" అన్నాను. ఆ వయసులో ఒక్క సాయంత్రం ఎంత పొడుగుంటుందో నాకు బాగా గుర్తే, దాన్ని ఇంకొకరికి కాస్త పొట్టి చేసి ఇవ్వడం మాత్రం ఇన్నేళ్ళొచ్చినా నాకు చేతకాలేదు.