దయాసాగర్ బొటనవేలి పరీక్ష

మా ఆయన దయాసాగర్‌కి ఒకటే జబ్బు. మనిషి కనబడితే చాలు, కళ్ళు మూయించి, ఎడమచెయ్యి గాల్లో ఎక్కడో ఒకచోట నిలబెట్టి, ఆ బొటనవేలిని కుడిచేత్తో పట్టుకోమంటారు.

ఆత్మకూరులో పక్షవాతం వచ్చినవాళ్ళకి వ్యాయామాలు చేయించడం ఆయన ఉద్యోగం. మన చెయ్యి ఎక్కడుందో చూడకుండానే మెదడుకి ఎలా తెలుస్తుందన్నది ఆయన పరిశోధన. చేసుకోనీ, నేను కాదన్నానా? కానీ నెల్లూరు బస్సులో కండక్టరు కళ్ళు మూసుకుంటే టిక్కెట్లు ఎవరు కొడతారు? కూరగాయలామె కళ్ళు మూసుకుని వేలు వెతుక్కుంటుంటే మేక వచ్చి తోటకూర మేసింది. మిగిలిన కట్టలు మా ఇంటికే వచ్చాయి.

పోయిన నెల మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. ఇరవైమంది కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయనకి ఇంకేం కావాలి? వెనకనుంచి నా ఎడమచెయ్యి మెల్లగా పైకి లేపి, "రాణీ, పట్టుకో" అని గొణిగారు. నేను చెయ్యి లాక్కోబోయాను. అంతలో పాస్టరుగారు కళ్ళు తెరిచి, నా చెయ్యి చూసి, సోదరి కృపారాణి సాక్ష్యం చెబుతుందని ప్రకటించారు. దేవుడు నాకు చేసిన మేళ్ళు అప్పటికప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇలాంటి మొగుణ్ణి ఇచ్చాడని మాత్రం చెప్పలేదు.

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయినా అన్నం పెట్టాలి కదా, క్యారియర్ తీసుకుని ఆయన పనిచేసే సెంటరుకి వెళ్ళాను.

అక్కడ దుత్తలూరు నుంచి వచ్చిన గొర్రెల కాపరి మాలకొండయ్య ఇంటికి పోతానని పట్టుబట్టి ఉన్నాడు. పక్షవాతం వచ్చాక ఎడమచెయ్యి తనది కాదంటాడు. భార్య కామమ్మ సంచి సర్దేసింది. ఇప్పుడు వెళ్ళిపోతే ఆ చెయ్యి ఇక పనికి రాదని మా ఆయన ఎంత చెప్పినా వినడం లేదు.

"బొటనేలు దొరకలేదని వరండాలో అందరూ నవ్వతా ఉండారు సారూ. నాకు పిచ్చి పట్టినాదంట."

మా ఆయన లావుపాటి నోటుపుస్తకం తెరిచారు. "ఇది చూడు పెద్దాయనా. కండక్టరు రెండంగుళాలు తప్పినాడు. హెడ్‌మాస్టరు మూడు. మా ఆవిడ టీచరు, ఆమె ఆరు. వీళ్ళందరికీ పిచ్చేనా?"

మాలకొండయ్య నావైపు తిరిగాడు. "ఆరా అమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి చూస్తే పుస్తకంలో నా పేరు ఎదురుగా ఉన్నది ఒకటిన్నర. ఊరందరి తప్పులూ ఈయన ఎందుకు పోగేస్తున్నారో అప్పుడు అర్థమైంది. కామమ్మ సంచి పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"ఆరే పెద్దాయనా" అన్నాను. "ఇంకా ఎక్కువే ఉంటుంది."

మాలకొండయ్య పడీపడీ నవ్వాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి తడుముకుంటూ వెళ్ళి ఎడమ మణికట్టు మీద ఆగింది.

"ఇది నాదేనా సారూ?"

"నీదే."

కామమ్మ సంచి కింద పెట్టింది.

మాలకొండయ్య టీచరమ్మకన్నా నయమని ఇప్పుడు సెంటరంతా చెప్పుకుంటున్నారు. నేను ఖండించడం లేదు.