బొగ్గు గీత మీద రంగు

ఇవాళ హైదరాబాదులో ఏ బొమ్మల ప్రదర్శనకు వెళ్ళినా నా శిష్యుడి గీత గురించే మాట్లాడతారు. రంగు లేదు, నీడ లేదు, తెల్లకాగితం మీద బొగ్గుతో నాలుగు గీతలు గీస్తే బర్రె లేచి నిలబడుతుందట. ఆ గీత నేర్పింది నేను. ఎనభైలలో సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా గోడల మీద బొమ్మలన్నీ నావే. సరే, అన్నీ కావు. బస్టాండు చుట్టుపక్కలవి కొన్ని.

వాడు ఆత్మకూరు నుంచి నా బోర్డుల దుకాణంలో పనికి వచ్చాడు. మా పనికో పద్ధతుంది. ఫొటో మీద చిన్న గళ్ళు గీస్తాం. నీలిమందు అద్దిన దారం లాగి కొట్టి గోడ మీద పెద్ద గళ్ళు వేస్తాం. గడికి గడి చూసుకుంటూ బొగ్గుతో బొమ్మ దించుతాం. పైన రంగు పడ్డాక బొగ్గు కనిపించకూడదు. ఆ రంగు వేసేది ఉస్తాద్, అంటే నేను. వాడికి నా గళ్ళంటే మంట, నా రంగంటే ఇంకా మంట.

“గళ్ళు లేకుంట గీస్తే మూతి వంకర పోతదిరా.”

“మనిషి మూతే వంకరుంటే నేనేం జెయ్యాలె, ఉస్తాద్?”

నా మూతి వైపు చూస్తూ అన్నాడు.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు, చనిపోయిన తన తండ్రి బొమ్మను మిల్లు వరండా గోడ మీద వేయమన్నాడు. నేను చాయ్ తాగి వచ్చేసరికి వీడు ఒక్క గడి కూడా వేయకుండా మొత్తం బొగ్గుతో గీసేశాడు. ఫొటోలో మూతి తిన్నగా ఉంది, గోడ మీద ఒక పక్కకు లాగింది. తిట్టి, రంగులో సరిచేద్దామని కుంచె ఎత్తాను.

అంతలో సేటు తల్లి వచ్చింది. బొమ్మను చూసి, గోడకు వీపు ఆనించి చేతులు చాపి నిలబడింది.

“ముట్టుకోకు. గట్లనే ఉండనియ్యి.”

“బొగ్గు నిలువదమ్మా, రాలిపోతది.”

“రాలనియ్యి. నువ్వు రంగేస్తే మా ఆయన గాదు.”

సేటు కళ్ళ ముందే నా ఉస్తాద్‌గిరి ఖతం. తిరుగు బస్సులో వాడిని నిలదీశాను.

“ఫొటోల లేని వంకర నీకెట్ల దొరికిందిరా?”

“సేటు మాట్లాడుతుంటె సూసిన. కొడుకు మూతి గట్లుంటే తండ్రిది గట్లనే ఉంటది. ఫొటో స్టూడియోవాడు దిద్దిండు, నీలెక్కనే.”

“రేపటి సంది గళ్ళు గొట్టినంకనే బొగ్గు పట్టు. లేకుంటే పో.”

“నీ గళ్ళల్ల నువ్వే కూసో.”

కోదాడలో ఇంకో బోర్డుల దుకాణంలో చేరాడు. అక్కడి నుంచి హైదరాబాదు, పేరు, పత్రికలు. నేను అందరికీ నా శిష్యుడనే చెప్పుకున్నాను. నిజానికి గళ్ళు లేకుండా నాకు పిల్లిబొమ్మ కూడా రాదు. నా దగ్గర వాడు పట్టుకున్నది దారం రెండో కొస ఒక్కటే.

తొంభైలలో ఒకసారి వాడి ప్రదర్శనకు వెళ్ళాను, తగవుకే. గోడ మీద నేను! బొగ్గుతో, చేతిలో దారం, మూతి ఇంతలావు వంకర.

“గిదేందిరా? నా మూతి గిట్లుంటదా?”

“ఇప్పుడు గూడ గట్లనే ఉంది, ఉస్తాద్.”

“గా బొమ్మ ఇటియ్యి. రంగేసి పంపుత.”

నవ్వలేదు వాడు. బొమ్మకు వీపు ఆనించి, చేతులు చాపి నిలబడ్డాడు.