కొత్తావకాయ మూడు ముద్దలు

మా అమ్మాయికి ఆరో ఏడు నడుస్తుండగా, చలికాలం చివర ఒక పొద్దున దాని కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు పూరీల్లా పొంగి ఉన్నాయి. మిరపకాయ ఘాటేమో అనుకున్నాను. గుంటూరుకీ చిలకలూరిపేటకీ మధ్యనున్న మా ఊళ్ళో ఏ జబ్బు వచ్చినా మొదటి అనుమానం మిరపకాయ మీదే. మా ఊరి మీదుగా ఎగిరే కాకులు రెండుసార్లు తుమ్మి గాని ముందుకు పోవు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా దులిపితే ఒక పూట కూరకి సరిపడా కారం రాలుతుంది. అందుకని తప్పంతా చొక్కా మీద వేసి, దాన్ని రెండు రోజులు పెరటి దండెం మీదే ఉంచాను. మూడో రోజుకి పిల్ల కాళ్ళూ పొట్టా కూడా ఉబ్బాయి.

గుంటూరు ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ గారు విడమరిచి చెప్పారు. కిడ్నీల్లో వడపోత దెబ్బతిని, ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతోందట. తగ్గుతుంది, కాని నెలలు పడుతుంది. మందులు ఒక్క పూట కూడా మానకూడదు. జలుబూ జ్వరమూ రానివ్వకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి.

"పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు పూర్తిగా బంద్" అన్నారావిడ.

మా ఆవిడ తలూపింది. నేను కుర్చీ చేయి పట్టుకున్నాను. పచ్చడి లేకుండా అన్నం కిందికి దిగుతుందని మా వంశంలో ఎవరూ రుజువు చెయ్యలేదు.

పదకొండు రోజుల తర్వాత పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆవిడ గుమ్మంలోనే చట్టం చేసింది. "పిల్ల ఏం తింటే ఇంట్లో అందరం అదే తింటాం. దాని ముందు మనం పచ్చడి వేసుకుని కూర్చుంటే అదేమైపోవాలి?" ఆ రోజే ఇంట్లోని జాడీలన్నీ పక్కింటికి వెళ్ళిపోయాయి. ఆడపిల్లని అత్తారింటికి పంపినప్పుడు కూడా ఏ తండ్రీ అంతసేపు వీధిలో నిలబడి చూసి ఉండడు.

ఆ చట్టాన్ని నేను వారం రోజులు కూడా పాటించలేదు. మధ్యాహ్నం స్టోరేజీలో అందరి క్యారేజీల్లోనూ చెయ్యి పెట్టేవాణ్ణి. గోంగూర, పండుమిరప, ఉసిరికాయ, ఏది దొరికితే అది. రాత్రి ఇంటికొచ్చి చప్పటి పప్పు ముందు కూర్చుని, దేశం కోసం నిరాహారదీక్ష చేస్తున్న వాడిలా మొహం పెట్టేవాణ్ణి. మా ఆవిడ మాత్రం చప్పిడి తిండి తిని తిని సగమైంది. "పాపం, మీరు కూడా చిక్కిపోయారు" అనేది నన్ను చూసి. నా బరువు అప్పటికి మూడు కిలోలు పెరిగింది.

రోజూ పొద్దున్నే పిల్ల మూత్రాన్ని ఒక సన్నటి కాగితం పుల్లతో పరీక్ష చెయ్యాలి. పుల్ల కొస పసుపుగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకి తిరిగితే ప్రోటీన్ పోతున్నట్టు. మా ఆవిడ ఆ పుల్లని కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తుంటే, ఎన్నికల ఫలితాల ముందు ఏ నాయకుడికీ అంత చెమట పట్టి ఉండదు. మొదట్లో ముదురాకు రంగు, తర్వాత లేతాకు, ఏప్రిల్ నాటికి పసుపు. వరసగా పసుపు. మందుల డోసు కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తామన్నారు డాక్టరమ్మ గారు.

ఆ మందులకి పిల్లకి ఆకలి విపరీతంగా ఉండేది. బుగ్గలు గుండ్రంగా తయారయ్యాయి. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే మళ్ళీ అన్నం ఎప్పుడని అడిగేది. కాని నవ్వడం మానేసింది. పుట్టినప్పటి నుంచి నా వెకిలి మాటలకి పడీపడీ నవ్విన పిల్ల, ఇప్పుడు నేనేం చెప్పినా పెద్దమనిషిలా వినేది. మందు, పుల్ల, స్నానం, తిండి, అన్నీ వాళ్ళమ్మ చేతి మీదుగానే. నాకు పని లేదు. నిజం చెప్పాలంటే మా ఆవిడ మీద నాకు కొంచెం అసూయగా ఉండేది. రాయడానికే సిగ్గుగా ఉంది.

సాయానికి వాడరేవు పక్క ఊరి నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. మామిడికాయలు దిగే రోజులు. ఆవిడ కలపకపోతే ఆరు కుటుంబాల వాళ్ళకి ఆ ఏడు ఆవకాయ లేదు. తల్లీ కూతుళ్ళ మధ్య రెండు రోజులు చర్చలు జరిగాయి.

"మేడ మీద కలుపుకుంటానే. పిల్లని కిందే ఉంచు."

"చుక్క కూడా కిందికి రాకూడదమ్మా."

"నా మనవరాలికి నేను విషం పెడతానా ఏంటే?"

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. కలిపిన ఆవకాయ జాడీలకెత్తాక, బేసినులో అంటుకున్న పిండిలో వేడన్నం గుమ్మరిస్తారు. బేసిను అంచులన్నీ తుడుస్తూ కలిపి, చుట్టూ నిలబడ్డ వాళ్ళ చేతుల్లో ముద్దలు పెడతారు. మొదటి ముద్ద ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళది. ఆ ఏడు చిన్నవాళ్ళు కింద గదిలో ఉన్నారు. అత్తగారు ముద్ద పట్టుకుని ఒక క్షణం ఆగి, నా అరచేతిలో పెట్టారు. "మీరే తినండి అల్లుడుగారూ, దాని బదులు."

ఆ ముద్ద గురించి నేను పెంచి చెప్పక్కర్లేదు. నూనె వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది. ఇంకో మూడు ముద్దలు అడిగి ఒక ప్లేటులో పెట్టించుకున్నాను. మా ఆవిడ జాడీలకి గుడ్డలు కడుతోంది. ఫోనొచ్చినట్టు నటించి కిందికి దిగాను.

పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా కాస్త జలుబు. ఆ ముక్కుతోనే పసిగట్టింది.

"నాన్నా, కొత్తావకాయా?"

"వాసన చూస్తావా?"

"ఊఁ."

చూసింది. కళ్ళు మూసుకుంది. తర్వాత నన్ను చూసి నవ్వింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి. ఆ నవ్వు చూశాక నాకు బుద్ధి పనిచెయ్యలేదు. పనిచెయ్యలేదంటున్నాను గాని, తలుపు గడియ పెట్టేంత మటుకు బాగానే పనిచేసింది. ముద్ద నోటికందించాను. మూడూ తినేసింది. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. మూతి తుడిచి, "అమ్మకి చెప్పకు" అన్నాను. "ఒట్టు" అని నా చేతిలో చెయ్యేసింది.

మూడో రోజుకల్లా పుల్ల ఆకుపచ్చకి తిరిగింది. కళ్ళ రెప్పలు మళ్ళీ పొంగాయి. మా ఆవిడ పుల్ల పట్టుకుని కిటికీ దగ్గర అలాగే కూర్చుండిపోయింది. తర్వాత లేచి విడిచిన బట్టల బుట్ట బోర్లించింది. పిల్ల గౌను మెడ దగ్గర ఎర్రటి నూనె మరక. ఆ గౌను పట్టుకుని సరాసరి తల్లి దగ్గరికి వెళ్ళింది.

"మనసు ఆగలేదా అమ్మా నీకు?"

అత్తగారు మరక చూశారు. తర్వాత నన్ను చూశారు. ప్లేటులో ముద్దలు పెట్టిచ్చిన మనిషికి మరక ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఉంటుందా? మా వైపు అత్తగారు అల్లుణ్ణి పల్లెత్తు మాట అనదు. అల్లుడు కూర్చుంటే తను నిలబడుతుంది. అది మర్యాద. ఆ మర్యాద వెనక నేను కోడిపెట్ట రెక్కల కింద పిల్లలా నక్కాను.

"చెయ్యి ఊరుకోలేదే" అన్నారావిడ. "పెట్టాను. తప్పే."

నాకు నోరుంది. స్టోరేజీలో పదిమందిని ఒక్క మాటతో కూర్చోబెట్టే నోరు. అది ఆ పూట తెరుచుకోలేదు. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. కన్నతల్లిని అలా ఎవరూ అనకూడదు. అనిపించింది నేను.

మర్నాడు ఆవిడ వెళ్ళిపోయారు. సంచి మోసుకుంటూ బస్టాండు దాకా వెళ్ళాను. దారంతా ఆవిడకన్నా రెండడుగులు ముందే నడిచాను. బస్సు ఎక్కేముందు ఒకే మాట అన్నారు. "చప్పిడి తినలేకపోతే మా ఊరు రండి బాబూ, వండి పెడతాను. పిల్ల దగ్గర వద్దు."

ఆ మధ్యాహ్నమే పిల్లని గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ గారు కాలి మీద వేలితో నొక్కి, పడిన గుంటని చూశారు.

"ఏం తిన్నావు బంగారం?"

పిల్ల నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"అమ్మమ్మ ఆవకాయ పెట్టింది" అంది.

అది ఎంత చక్కగా చెప్పిందంటే, తడబాటు లేదు, కన్ను ఆర్పలేదు. అబద్ధాన్ని అంత శుభ్రంగా చెప్పడం ఆరేళ్ళ పిల్లకి ఎవరు నేర్పారో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. కిడ్నీలకి మందుంది. దీనికి ఏం వాడతారు?

"కాదండీ" అన్నాను. "నేను పెట్టాను."

"ఎంత పెట్టారు?"

జన్మంతా గోరంత దాన్ని కొండంత చేసిన వాణ్ణి. "ఏదో వేలితో నాకించానండీ" అన్నాను.

"మూడు ముద్దలు" అంది మా అమ్మాయి.

డాక్టరమ్మ గారు నన్ను తిట్టలేదు. జలుబు వల్ల జబ్బు తిరగబెట్టి ఉంటుందని, ఉప్పు వల్ల నీరు ఎక్కువ పట్టిందని చెప్పారు. మందు డోసు మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ జలుబుని నేను చాలా రోజులు కావలించుకుని తిరిగాను. తప్పంతా దానిదే అన్నట్టు.

మా ఆవిడ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. బయటికొచ్చి ఆటో కోసం నిలబడినప్పుడు అడిగింది. "పొద్దున మా అమ్మ సంచి మీరే కదండీ మోశారు?"

"ఊఁ."

"బరువుగా ఉందా?"

నేను రోడ్డు మీదికి వెళ్ళి ఆటోకి చెయ్యెత్తాను.

ఇంటికొచ్చాక ఆవిడ తల్లికి ఫోను చేసి ఏడ్చింది. తర్వాత పిల్ల ఫోను లాక్కుని, "అమ్మమ్మా, నీ మీద అబద్ధం చెప్పాను, సారీ" అని ఒక్క ముక్కలో తేల్చేసి నాకిచ్చింది. నేను ముందు అక్కడి ఎండల గురించి అడిగాను. తర్వాత బస్సులో సీటు దొరికిందా అని అడిగాను. ఆ తర్వాత గాని, "అత్తయ్యగారూ, నా వల్ల మీరు..." అనలేకపోయాను.

"ఆ మాటలెందుకు బాబూ" అన్నారావిడ వెంటనే. "దానికి చెప్పేశారుగా. రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను. రాగి జావకి పిండి ఉందో లేదో చూడమనండి." తప్పు ఒప్పుకోవడానికి కూడా ఆవిడ నన్ను నిలబడనివ్వలేదు. అల్లుణ్ణి కదా.

పిల్ల కోలుకుంది. వానలు పడి పత్తి చేలు పూతకొచ్చేసరికి పుల్ల మళ్ళీ పసుపుకొచ్చింది. మందులు ఆపడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. అందరిలాగే తినొచ్చన్నారు. నవ్వుతుంది, నా మాటలకి కూడా.

అప్పుడప్పుడు నేను అన్నం కలిపి ముద్ద చేసి అందిస్తాను. నోరు తెరిచే ముందు అది ఒకసారి వాళ్ళమ్మ వైపు చూస్తుంది. వాళ్ళమ్మ తలూపితే తింటుంది. ముద్ద పట్టుకున్న నా చెయ్యి ఆ కాసేపూ గాల్లోనే ఉంటుంది.