చావు ఏడుపు, నాలుగో నంబరు

తలుపు అవతల ఏడుపు. ముందు సన్నగా, చిరుగుతున్న గుడ్డలా. తర్వాత గొంతు విరిగి, ఊపిరి అందక. గొంతు పరీక్షకని వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్న నేను లేచి నిలబడ్డాను. ఏడుపు టక్కున ఆగింది. తలుపు తెరుచుకుని యాభై ఏళ్ళావిడ బయటికొచ్చింది. మెడలో హెడ్‌ఫోను, కళ్ళు పొడిగా.

"ఏడోసారండీ. ఈ ఇంజనీరు మొహం మండ!"

ఆ డబ్బింగు థియేటరులో అందరికీ ఆమె ఏడుపక్క. ఇరవై రెండేళ్ళుగా దేశదేశాల సీరియళ్ళలో అత్తలకూ తల్లులకూ గొంతు అరువిస్తోంది.

"ఏ దేశమైతేనేం? కోడలు మెట్ల మీంచి పడుద్ది, మతిపోద్ది, చచ్చినోడు తిరిగొస్తాడు. సముద్రాలు దాటొచ్చినా అదే పాచి కంపు."

ఆ కంపులోనే ఇన్నేళ్ళూ అన్నం తింది. అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కటే.

ఇక్కడ ఏడుపులు నిల్వ చేస్తారు. వెక్కిళ్ళు, చిన్న ఏడుపు, చావు ఏడుపు అని నంబర్లు వేసి కంప్యూటరులో దాచి, కావలసినచోట అతికిస్తారు. పోయినేడు ఆమె మైకు ముందుండగానే చెల్లెలు పోయిందని ఫోనొచ్చింది. అక్కడే కూలబడింది. సౌండింజనీరు పరుగెత్తుకొచ్చి నీళ్ళు పట్టాడు. మైకు మాత్రం ఆపలేదు.

అది నాలుగో నంబరు చావు ఏడుపయింది. మూడు నెలలకు, ఇంట్లో తల్లి చూస్తున్న సీరియల్లో ఎవరో పరాయిదేశపు దొరసాని, పెంపుడు కుక్క పోయిందని, ఆ ఏడుపే ఏడ్చింది. తల్లి పోల్చుకోలేదు. "కుక్కకి ఇంత రాగమా తల్లీ!" అని నవ్వింది. ఏడుపక్క పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

అప్పట్నుంచి చెరిపేయమని బతిమాలుతూనే ఉంది. ఇవాళ ఇంజనీరు ఒక బేరం పెట్టాడు: దానికి సాటివచ్చే ఏడుపు ఇస్తే పాతది తీసేస్తాడట. ఏడుసార్లూ పెదవి విరిచాడు.

ఎనిమిదోసారికి నన్నూ లోపలికి తీసుకెళ్ళింది. మైకు ముందు కళ్ళు మూసుకుని, పిడికిలి కడుపులో గుచ్చుకుని మొదలుపెట్టింది. నేను గోడకేసి తిరిగిపోయాను.

గాజు అవతల అతను చప్పట్లు కొట్టాడు. "అబ్బ! ఒళ్ళు జలదరించిందనుకో అక్కా!"

"ఇక పాతది తీసెయ్ తమ్ముడూ. నా ముందే తీసెయ్."

అతను చెవి గోక్కున్నాడు. "దేనికదే బావుందక్కా. దీన్ని ఐదో నంబరు చేద్దాం. రెండూ ఉండనీ."

"మాటిచ్చావుగా!"

"అంత మంచి ఏడుపు పారేస్తే ఓనరు నన్ను పారేస్తాడు. టీ తాగు, చల్లబడతావ్."

"నువ్వే తాగు. శవాల మీద పేలాలు ఏరుకునే మొహమూ నువ్వూనూ!"

సంచి భుజాన వేసుకుని బస్టాపుదాకా నాతో నడిచింది. దారంతా, నోట్లో ఏదో చేదు మిగిలినట్టు, ఉమ్మేస్తూనే ఉంది. బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"మా అమ్మకి ఎనభై దాటాయండీ. ఆవిడ పోయిన్రోజు నోట్లో గుడ్డ కుక్కుకుంటా. ఈ వెధవలకి ఒక్క చప్పుడు దొరకనివ్వను."