నలభై ఒక్క ముద్రలు

వెంకటమ్మకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. బల్లార్‌పూర్ రోడ్డు మీది కలప డిపోలో ఇరవై ఆరేళ్ళపాటు దుంగల కొసలకు తారుతో నంబర్లు వేసిన చెయ్యి అది. ఏ దుంగ ఏ అడవిది, ఎవరి వేలంలో పోయింది, దాని మీద కొట్టిన ముద్ర ఎవరిది అన్నది వేలితో తడిమి చెప్పేది. లెక్క తేడా వస్తే డిపో మేనేజరు రిజిస్టరు తెరవకముందే ఆమెను పిలిచేవాడు. తరువాత బజారు నిండా ప్లైవుడ్ దిగింది. డిపో మూతపడింది. యాభై నాలుగేళ్ళ వయసులో వెంకటమ్మ ఇంటిపట్టున కూర్చుని పక్కింటివాళ్ళకు అప్పడాలు ఒత్తి ఇస్తూ కాలక్షేపం చేయసాగింది.

ఆమె ఉండేది చంద్రాపూర్‌లో, రైలుపట్టాల అవతల ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడు గల్లీల్లో నడిమిదానిలో. సగం తెలుగువాళ్ళు, సగం మరాఠీవాళ్ళు. తొంభై అయిదులో ఆ గల్లీలను వెడల్పు చేస్తామని చెట్లకు వేలం పెట్టారు. వేపలు, కానుగలు, దిరిసెనలు పది రోజుల్లో నేలకూలాయి. పాడుకున్న కాంట్రాక్టరు లారీలకెక్కించాల్సింది ఎక్కించుకుని పోయాడు. మొద్దులు మాత్రం మోకాలెత్తున అలాగే మిగిలాయి. వేళ్ళతో సహా పెకలించాల్సిన బాధ్యత తనదేనన్న సంగతి అతను మరిచిపోయాడు, గల్లీవాళ్ళకు అసలు తెలియనే తెలియదు.

ఏడాది గడిచింది. గ్యాసు బండివాడు గల్లీ మొదట్లోనే సిలిండర్లు దింపి పోతున్నాడు. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు లోపలికి తిరగలేక మూలమీదే ఆగితే ఆడవాళ్ళు అక్కడి నుంచి బిందెలు మోసుకున్నారు. ఆ ఏడు వినాయకుణ్ణి తెచ్చిన ట్రాలీ కూడా లోపలికి రాలేదు. నలుగురు మనుషులు విగ్రహాన్ని ఎత్తుకుని మొద్దుల మధ్య నుంచి వంకరటింకరగా నడిచారు. అందరూ విసుక్కున్నారు, ఎవరూ ఏమీ చేయలేదు.

వెంకటమ్మ కూడా ఏమీ చేయలేదు, రామకిషన్ పడేదాకా. రామకిషన్ ఆమె మొగుడు. విసాపూర్ నుంచి సైకిల్ మీద కూరగాయలు తెచ్చి అమ్ముతాడు. మార్చి నెలలో ఒక సాయంత్రం కరెంటు పోయిన గల్లీలోకి మళ్ళుతూ కానుగ మొద్దును గుద్దుకున్నాడు. మెడ కింది ఎముక విరిగింది. వంకాయలన్నీ మురుగు మోరీలో పడ్డాయి. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక అతను ఎవరినీ తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపును చూస్తూ కూర్చోవడం వెంకటమ్మకు చేతకాలేదు.

ఎదురింటి కోడలు మాధురి మరాఠీ బడిలో పన్నెండో తరగతి దాకా చదివింది. వెంకటమ్మ చెప్పింది, మాధురి అర్జీ రాసింది. ఇద్దరూ మున్సిపాలిటీకి పోయారు. అక్కడి గుమాస్తా చెట్ల సంగతి అటవీశాఖను అడగమన్నాడు. అటవీశాఖవాళ్ళు ఊళ్ళో రోడ్డు పక్క చెట్లతో తమకేం పని అన్నారు. రోడ్ల ఆఫీసుకు పోతే లోపలి గల్లీలు తమవి కావు, మున్సిపాలిటీవి అన్నారు. ఏప్రిలంతా ఈ తిరుగుడే. మాధురి చంకలో పిల్లాడు, వెంకటమ్మ చేతిలో నీళ్ళ సీసా. నలభై ఆరు డిగ్రీల ఎండలో అర్జీ కాగితం చెమటకు తడిసి మూడుసార్లు మళ్ళీ రాయాల్సి వచ్చింది.

మే నెలలో మున్సిపాలిటీ గుమాస్తా ఎట్టకేలకు పాత ఫైలు తీశాడు. తీయకుండా ఉంటేనే బాగుండేదనిపించింది. వేలంలో పోయిన నలభై ఒక్క చెట్లనూ వేళ్ళతో సహా తీసేశానని కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం అందులో ఉంది. మరి మీ గల్లీల్లో మొద్దులున్నాయంటే, అవి ఈ చెట్లవి కావు, మీవాళ్ళే దొంగతనంగా నరికినవై ఉండాలి అన్నాడు గుమాస్తా. విచారణ అంటూ మొదలైతే కేసు గల్లీవాళ్ళ మీదే పడుతుందని కూడా చెప్పాడు.

ఆ మాట వాళ్ళకంటే ముందే గల్లీకి చేరింది. సాయంత్రానికి పదిమంది వెంకటమ్మ అరుగు ముందు నిలబడ్డారు. అందరికంటే ముందు కిరాణా కొట్టు ఈశ్వరయ్య.

"నీకెందుకమ్మా ఈ లొల్లి? మొద్దులుంటే పక్కకు జరిగి పోతుంటిమి. ఇగ జైలుకు పోవాల్నా? రేపే పోయి ఆ అర్జీ వాపస్ తీసుకో."

వెంకటమ్మకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఇన్ని ఇళ్ళవాళ్ళను ఇరకాటంలో పెట్టానా అనుకుంది. అన్నం సయించలేదు. తెల్లవారి వాకిలి ఊడ్చి, చీపురు పట్టుకుని ఇంటిముందున్న వేప మొద్దు వైపే చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు తట్టింది. తట్టగానే తన తెలివిని తానే తిట్టుకుంది.

చెట్టును వేలానికి పెట్టేముందు మొదట్లో జానెడు ఎత్తున బెరడు చెక్కి, ఆ చెక్కిన చోట ఇనుప సుత్తితో ముద్ర కొడతారు, కింద నంబరు గుద్దుతారు. రంపం దానికి పైనే పడాలి. చెట్టు పోయాక కూడా, దాన్ని అనుమతితోనే కొట్టారని మొద్దును చూస్తే తెలియాలి కదా. డిపోలో దుంగల మీద చూసిన ముద్రలకు జోడీ ముద్రలు ఇవి. గల్లీలను వెడల్పు చేసేటప్పుడు ఎర్రమట్టి, కంకర పోసి నేల ఎత్తు చేయడంతో అవి కనబడకుండా పోయాయి.

ఆమె గడ్డపార తెచ్చి మొద్దు చుట్టూ జానెడు లోతు తవ్వింది. తీగల బ్రష్షుతో రుద్దింది, తడిగుడ్డతో తుడిచింది. వేలు పెట్టి తడిమింది. గుండ్రటి ముద్ర, దాని కింద పదిహేడు.

మాధురిని కేకేసింది. "ఇగో చూడు బిడ్డా. ఇది పదిహేడో నంబరు చెట్టు. దొంగతనంగ కొట్టిన చెట్టుకు సర్కారు ముద్ర ఏస్తదా?"

మాధురి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. తానూ వేలు పెట్టి తడిమింది. "అత్తా, గీ మొద్దుల్ని ఆఫీసుకెట్ల తీస్కపోతం?"

ఎట్లా తీసుకుపోవాలో వెంకటమ్మకు తెలుసు. కొట్లో సామాను చుట్టే ఖాకీ కాగితం ముద్ర మీద పరిచి, పొయ్యిలోకి తెచ్చిన బొగ్గుముక్కతో పైపైన రుద్దింది. ముద్ర ముద్రలాగే, నంబరు నంబరులాగే కాగితం మీదికి వచ్చింది. డిపోలో తగాదా వచ్చిన దుంగలకు మేనేజరు ఆమెతో అలాగే చేయించేవాడు.

వారం రోజులు ఇద్దరికీ అదే పని. ఒకామె తవ్వడం, ఒకామె రుద్దడం. మొదట్లో దూరంగా నిలబడి చూసినవాళ్ళు మూడో రోజుకు గడ్డపారలు తెచ్చారు. రామకిషన్ ఒక చేతికి కట్టుతోనే రెండో చేత్తో కాగితం కదలకుండా పట్టుకున్నాడు. మొత్తం మొద్దులు నలభై మూడు. ముద్రలు దొరికినవి నలభై ఒకటి. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా నడుమ ఒక్క అంకె తప్పలేదు.

ముద్ర లేని రెండూ ఈశ్వరయ్య కొట్టు ముందున్నవి. వెంకటమ్మ వాటిని చూడగానే గుర్తుపట్టింది. మిగతావి రంపంతో నున్నగా కోసినవి. ఇవి గొడ్డలితో వంకరగా నరికినవి. వేలం చెట్లు కొట్టేస్తున్న ఆ పది రోజుల్లో, కొట్టు బోర్డుకు అడ్డమని, ఆ సందడిలో ఎవరూ అడగరని ఈశ్వరయ్య కొట్టించాడు. అతను ఇప్పుడు తలుపు చాటు నుంచి చూస్తున్నాడు. వెంకటమ్మ ఆ రెంటికీ కూడా కాగితం పరిచి రుద్దించింది. రెండు కాగితాలూ ఖాళీగా వచ్చాయి.

జూన్ మొదటి సోమవారం ఆమె కాగితాల చుట్ట చంకన పెట్టుకుని గుమాస్తా బల్ల దాటి నేరుగా ఇంజనీరు గదిలోకి పోయింది. వెనక మాధురి, ఆ వెనక పాతికమంది. ఇంజనీరు వాన్‌ఖడే వయసులో చిన్నవాడు, ఆ ఊరికి కొత్త. వెంకటమ్మ బల్ల మీద చోటు చాలక కాగితాలు నేల మీద వరసగా పరిచింది. ఆమె మరాఠీ డిపోలో నేర్చిన మరాఠీ. దాంతోనే చెప్పింది, ఇవి మీ ముద్రలు, మీ నంబర్లు, మీ పట్టీతో సరిచూసుకోండి అని.

వాన్‌ఖడే ఫైలు తెప్పించి పట్టీ చదవసాగాడు. అతను నంబరు చదివితే ఆమె కాగితం చూపింది. ఇరవై దాటాక అతను కుర్చీ వదిలి నేల మీదికి వచ్చాడు. నలభై ఒకటి అయ్యాక మిగిలిన రెండు ఖాళీ కాగితాలేమిటని అడిగాడు. గదిలో వెనకెక్కడో ఈశ్వరయ్య దగ్గాడు.

"గవి మీవి కావు సారు," అంది వెంకటమ్మ. "మా గల్లీల కొట్టుకున్నయి. గా రెండు మేమే తీసుకుంటం. మీ నలభై ఒకటి మీరు తీపియ్యుండ్రి."

వాన్‌ఖడే ఆమె ముఖంలోకి చూశాడు. ఎవరు కొట్టారని అతను అడగలేదు. "మావ్‌శీ, ఆ రెండు కూడా చెప్పినవు గాబట్టి నలభై ఒకటీ నమ్ముతున్న," అన్నాడు మరాఠీలో, ఆమెను పిన్నీ అని వరస కలిపి. ఆ మధ్యాహ్నమే జీపు వేసుకుని గల్లీకి వచ్చాడు. తవ్విన గుంతల్లోకి వంగి అయిదారు ముద్రలు తన వేలితోనే తడిమి చూశాడు. మరుసటి వారం కాంట్రాక్టరుకు తాఖీదు పోయింది, దాని నకలు గల్లీకి వచ్చింది. మొద్దులు లేచేదాకా మున్సిపాలిటీలో అతనికి ఇంకో పని దొరకదని అందులో రాశారని మాధురి చదివి చెప్పింది.

మొదటి వానలు పడ్డాక కాంట్రాక్టరు మనుషులు ట్రాక్టరుతో దిగారు. గొలుసు తగిలించి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచాయి గాని వేప మొద్దు కదలలేదు. డ్రైవరు రెండుసార్లు ప్రయత్నించి బీడీ వెలిగించాడు. వెంకటమ్మ అరుగు దిగి వచ్చింది.

"ముందుగాల పక్క వేర్లు కొట్టుండ్రి. నడిమి వేరు ఒక్కటి ఉంచుండ్రి. గప్పుడు మొద్దు వంగిన దిక్కు కాదు, ఎదురు దిక్కు గుంజుండ్రి."

ఆడమనిషి చెప్పడమేమిటన్నట్టు డ్రైవరు చూశాడు. కూలీలలో పెద్దవాడు మాత్రం ఆమెను డిపోలో చూసినవాడు. వెంటనే గొడ్డలి అందుకున్నాడు. గంటలో వేప మొద్దు మట్టితో సహా పన్ను ఊడినట్టు ఊడి బయటపడింది. గల్లీ అంతా ఒక్కసారి కేక పెట్టింది. పిల్లలు గుంత చుట్టూ గంతులేశారు. ఆ తరువాత తొమ్మిది రోజులు ఏ మొద్దును ఎటు లాగాలన్నా డ్రైవరు ముందు ఆమె చెయ్యి ఎటు చూపుతుందో చూశాడు. రామకిషన్‌ను పడేసిన కానుగ మొద్దు లేచిన రోజు అతనే వచ్చి గొలుసు కొక్కెం తగిలించాడు, కట్టు విప్పిన భుజంతో.

చివరికి మిగిలిన రెంటికీ ట్రాక్టరు అడగలేదు. ఆదివారం పొద్దున గల్లీ మగవాళ్ళంతా గడ్డపారలతో పోతే, చొక్కా విప్పి మొదటి పోటు పొడిచినవాడు ఈశ్వరయ్య. సాయంత్రానికి రెండూ లేచాయి. అరచేతులు బొబ్బలెక్కి అతను వెంకటమ్మ అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగాడు. ఆమె చెంబు నిండా తెచ్చిచ్చింది.

ఆ ఏడు వినాయకుడి ట్రాలీ గల్లీ మొదట్లో ఆగలేదు. డోళ్ళు మోగుతుంటే చదునైన నేల మీద నేరుగా మంటపం దాకా వచ్చింది. హారతి పళ్ళెం ముందుగా వెంకటమ్మ చేతికిచ్చారు. ఆమె వద్దనబోయి, వెనకాల రామకిషన్ నవ్వు చూసి, తీసుకుంది.

నిమజ్జనం అయిన వారానికి పద్మాపూర్ వైపు బస్తీ నుంచి నలుగురు మనుషులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. తమ రోడ్డులో అరవై మొద్దులున్నాయట, ముద్రలు చదివే ఆడమనిషి ఇక్కడే ఉందట గదా అన్నారు. వెంకటమ్మ అప్పడాల పీట పక్కకు జరిపి, తీగల బ్రష్షు ఎక్కడ పెట్టావని రామకిషన్‌ను అడిగింది.