గౌరి పిల్ల చెవులు

ఒక వంశాన్ని ఒక్క పూటలో అంతం చేసినవాణ్ణి నేను. రాజుల వంశం కాదులెండి, గుర్రాల వంశం. యుద్ధం చెయ్యలేదు, విషం పెట్టలేదు. ఒక బంతిపూల దండ, ఒక నిమ్మకాయ, ఒక ప్లేటు ఖిచడీ, ఇంకా నేను. ఇంత తక్కువ సామానుతో అంత నష్టం చేసినవాడు భిలాయి మొత్తంలో ఇంకొకడుంటే చెప్పండి, వెళ్లి కాళ్ల మీద పడతాను.

మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పని చేసి రిటైరయ్యారు. సెక్టర్ 2 క్వార్టరు ఖాళీ చేసినప్పుడు తోటివాళ్లంతా బుద్ధిగా స్మృతి నగర్‌లో ఇళ్లు కట్టుకుంటే, ఈయన శివనాథ్ నది వైపు పొలం తీసుకుని గుర్రాలశాల కట్టారు. శ్రీకాకుళం మనిషికి మార్వాడీ గుర్రాల పిచ్చి ఎలా పట్టిందో మా అమ్మకి కూడా తెలీదు. "కొలిమి వేడి బుర్రకెక్కీసింది" అనేది.

ఆ జాతికి చెవులే గుర్తు. రెండు కొనలూ లోపలికి వంగి, పైన ఒకదాన్నొకటి తాకుతాయి. అసలు సిసలు జాతి ఇప్పుడు దొరకడమే కష్టం. మాకున్నది ఒక్క గౌరి. నాన్న పొద్దున్నే లేచి ఉలవ గుగ్గిళ్లు ఉడికించి, చల్లార్చి, దానికి చేత్తో తినిపించేవారు. మీకెప్పుడైనా అలా పెట్టారా అని మాత్రం అడక్కండి. నాకు ఇప్పటికీ కడుపుమంటే.

గౌరికి వయసు మళ్లింది. పశువుల డాక్టరు చూసి, "ఈసారి చూలు నిలిస్తే సంతోషం, దీని తర్వాత ఇంక వద్దు" అనేశాడు. అంటే ఇదే ఆఖరి ఈత. నాన్న రాజస్థాన్‌లో ఎవరో పెద్దమనిషిని ఫోన్లో బతిమాలి బతిమాలి, అదే జాతి మగ గుర్రాన్ని లారీలో రప్పిస్తున్నారు. ఇక్కడ గౌరి ఎదకొచ్చింది. అక్కడ లారీ బయల్దేరింది.

"ఒరే చిన్నా, మగ గుర్రం దిగినదాకా దీన్ని బయటికి తియ్యకు. విన్నావా?"

"విన్నాను నాన్నా."

"ఏటి విన్నావు?"

"బయటికి తియ్యకూడదని."

చూశారా, అక్షరం పొల్లుపోకుండా విన్నాను. చెవులు నాకూ ఉన్నాయి, పని చెయ్యవంతే.

మర్నాడే విశ్వకర్మ పూజ. ఆ రోజు మా ఊళ్లో ప్లాంటు క్రేను దగ్గర్నించి పాలవాడి సైకిలు దాకా బొట్టు పెట్టించుకోని ఇనుము ఉండదు. నాన్నా అమ్మా పాత డిపార్టుమెంటు పూజకి వెళ్లారు. నా స్నేహితుడు రాజు కొత్త బండి కొన్నాడు, పొద్దున్నే ఫోన్ చేశాడు.

"పూజకి నువ్వేటి తెస్తున్నావురా? ఆ స్కూటీయా? అది మీ దీదీది కదా."

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అసలు వాహనమంటే ఏటో చూపిస్తాను, రుక్, అక్కడే ఆగు" అన్నాను. గౌరికి స్నానం చేయించి, దండ వేసి, దాని మీద ఎక్కి స్మృతి నగర్ పందిరి ముందు దిగాను. స్కూటర్లు, ఆటోలు, ఒక ట్రాక్టరు, మధ్యలో నేను, పెళ్లికొడుకులా.

పండిట్ జీ ఎగాదిగా చూశాడు. "నంబర్ ప్లేట్ కహాఁ హై, బేటా?" అందరూ ఒకటే నవ్వు. నిమ్మకాయ చక్రం కింద పెట్టాలి కదా, నేను డెక్క కింద పెట్టాను. గౌరి వంగి దాన్ని తినేసింది.

ఇంతలో డప్పులు మొదలయ్యాయి. గౌరి బెదిరింది. తీసుకెళ్లి పందిరి వెనక ఖాళీ జాగాలో కట్టేశాను. అక్కడ ఇటుక బట్టీవాళ్ల గాడిద ఒకటుంది. అదీ ఒకరి వాహనమే కదా, పూజకే వచ్చింది. దాని మెడలోనూ బంతిపూల దండ, నుదుట బొట్టు. దానికి మాత్రం తాడు లేదు.

ఖిచడీ తింటుంటే రాజు మోచేత్తో పొడిచాడు. "ఒరే, మీ ఘోడీ దగ్గర ఆ గాడిద ఏటి చేస్తంది?"

"దోస్తీ చేసుకుంటంది. ఛోడ్ యార్, ఖిచడీ చల్లారిపోద్ది."

రెండోసారి కూడా వడ్డించుకున్నాను. తిరిగొచ్చేసరికి గౌరి బెదురంతా పోయి నిమ్మళంగా నిలబడి ఉంది. గాడిదకి మనసులో థాంక్స్ కూడా చెప్పుకున్నాను, నా ఖర్మ.

ఆ మర్నాడు లారీ వచ్చింది. మగ గుర్రం దిగింది, జరగాల్సింది జరిగింది, వెళ్లిపోయింది. చూలు నిలిచిందని డాక్టరు చెప్పిన రోజున నాన్న వీధంతా లడ్డూలు పంచారు. అప్పట్నించి రోజూ గౌరి పొట్ట మీద చెయ్యి వేసి, "సెవులు బాగా ఒంచుకో నాయనా" అని లోపలున్నదానికి చెప్పేవారు. మేం పుట్టకముందు మాతో ఒక్క ముక్క మాట్లాడి ఉండరు.

ఒక వానపొద్దున గౌరికి నొప్పులొచ్చాయి. నాన్న, నేను, డాక్టరు చుట్టూ కూర్చున్నాం. ముందు కాళ్లొచ్చాయి, తర్వాత మూతి, తర్వాత చెవులు. చెవులొస్తూనే ఉన్నాయి. ఎంతకీ అవ్వవు.

"తడిగా ఉన్నాయి కదా, ఆరితే ఒంగుతాయి" అన్నారు నాన్న. భుజం మీది తువ్వాలు తీసి మెల్లిగా తుడిచారు. రెండు కొనలూ చేత్తో దగ్గరికి తెచ్చి, తాకించి, వదిలారు. అవి టప్పున విడిపోయాయి. మళ్లీ తాకించారు. నేను చూడలేక గోడవైపు తిరిగాను.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సర్ జీ, యే తో ఖచ్చర్ హై."

ఖచ్చర్ అంటే కంచరగాడిద. గుర్రం తల్లి, గాడిద తండ్రి.

నాన్న దాని చెవులు వదిలేశారు. తర్వాత నన్ను చూశారు. "చిన్నా. ఎక్కడికి తీసుకెళ్లినావు?"

"పూజకి నాన్నా. వాహనం కదా అని."

కొడతారనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. గడ్డిలో చతికిలపడి, డాక్టర్ని అడిగారు. "ఖచ్చర్‌కి పిల్లలు పుట్టవు కదండీ?"

"పుట్టవు సర్."

అక్కడితో గౌరి వంశం ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్లకి గౌరీ పోయింది. నాన్న ఖచ్చర్‌కి నా పేరే పెట్టారు, చిన్నా అని. ఉలవ గుగ్గిళ్లు ఇప్పుడు దానికే. నాతో మాట్లాడేది గేటు వెయ్యి, ఉలవలు తే, అంతే. శాలలోంచి "చిన్నా, ఇలా రా నాన్నా" అని ముద్దుగా వినిపిస్తే మొదట్లో పరిగెత్తేవాణ్ణి. ఇప్పుడు పరిగెత్తను. ఆ పిలుపు నాది కాదు.

మొన్న విశ్వకర్మ పూజకి బయల్దేరుతూ, ఏదో నవ్వించి మాట కలుపుదామని, "నాన్నా, చిన్నాని కూడా తీసుకెళ్లనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. దాని చెవులు నిమురుతూ అన్నారు. "తీసుకెళ్లు. దీనికింకేటీ అవదు."

కాబట్టి విశ్వకర్మ సాక్షిగా, నా రెండు నిటారు చెవుల మీద ఒట్టు. చక్రాలు లేనిదాన్ని దేన్నీ పూజకి తీసుకెళ్లను. చక్రాలున్నదాన్ని కూడా పందిరి వెనక ఒంటరిగా వదలను. మొన్న స్కూటీ పక్కనే నిలబడి తిన్నాను ఖిచడీ, మా దీదీకి మాటిచ్చినట్టే. రెండోసారి వడ్డిస్తామన్నా కదల్లేదు.